గుడ్డ కట్టని కళ్లు

ఈ మాట ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. గుడిలో అయ్యగారికి చెప్పలేదు. బతికున్నన్నాళ్లూ నా భార్యకు చెప్పలేదు. ప్రార్థనలో దేవునికి కూడా తిన్నగా చెప్పలేదు. ‘తెలిసీ తెలియక చేసిన తప్పులు’ అని అందరితో పాటు గొణిగి లేచేవాణ్ణి. నాది తెలియక చేసింది కాదు. తెలిసే చేశాను. నేను బండలు పరిచే పనివాణ్ణి. నాపరాయి ఎంత బరువున్నా దాన్ని దింపే చోటంటూ ఒకటి ఉంటుంది. ఈ బరువుకు మాత్రం ఆ చోటు దొరకలేదు. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెబుతున్నాను. తెలిసినవాళ్లను నేను నమ్మలేను. అదే నా జబ్బు. జరిగిందంతా ఆ జబ్బు వల్లనే జరిగింది.

మాది ఆళ్లగడ్డ పక్కన పల్లె. మా క్రైస్తవ సంఘం పేరు రాయను, కాలేజీ పేరు కూడా రాయను. నంద్యాలలో ఒకటి ఉండేదనుకోండి, చాలు. ఎప్పుడో దొరలు వచ్చి బడి పెట్టారు. బడి పెరిగి కాలేజీ అయింది. దొరలు వెళ్లిపోయాక అది మా సంఘం చేతికి వచ్చింది. ఆవరణలో ఒక చిన్న గుడి ఉండేది. ఆ గుడిలో బండలు పరిచింది నేనే, వయసులో ఉన్నప్పుడు. గుడి వెనక హాస్టలు. మా పల్లెల పిల్లలు అక్కడ ఉండి చదువుకునేవాళ్లు. ఇంటి దగ్గర ఒక పూట సంగటికే కష్టమైన పిల్లలకు అక్కడ రెండు పూటలా అన్నం దొరికేది.

ఆ పిల్లల్ని అక్కడ చేర్చేది దానం సారు. మిషన్ బడిలో పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. నాకన్నా కొంచెం చిన్నవాడు. ఏటా బడులు తెరిచే వేళకు మా చుట్టుపక్కల పల్లెలన్నీ తిరిగి, పాసైన పిల్లల్ని పోగేసుకుని, బస్సెక్కించి నంద్యాల తీసుకుపోయేవాడు. ప్రిన్సిపాలు గది ముందు కూర్చునేవాడు. ఒక్కొక్కరినీ చూపించి, “ఈ పాప నా బిడ్డ సార్” అనేవాడట. ఎంతమంది బిడ్డలయ్యా నీకు, మీ ఇంటామె ఏమీ అనదా అని ప్రిన్సిపాలు నవ్వేవాడట. హాస్టల్లో చోటు ఇస్తామన్న మాట నోటితో అనిపించుకునే దాకా సారు లేచేవాడు కాదు. ఆదివారం గుడి అయిపోయాక ఈ సంగతులన్నీ నాకు చెప్పేవాడు. నాకు స్నేహితుడంటే ఆయనొక్కడే. అది మొదట మీకు చెప్పాలి. నేను చేసింది శత్రువుకు కాదు.

ఇంకొకటి కూడా మొదటే చెప్పాలి. నేను చదువుకోలేదు. మనవరాలు పుట్టి, అది బడికి పోయే ఈడు వచ్చాక నేర్చుకున్నాను. అది పలక మీద వేలు పెట్టి గట్టిగా చదువుతుంటే పక్కన కూర్చునేవాణ్ణి. పిల్లకు కాపలా కూర్చున్నానని ఇంట్లో అనుకునేవాళ్లు. తర్వాత గుడిలో పాటల పుస్తకం ఆసరా అయింది. పాటలన్నీ నాకు నోటికి వచ్చు. నోటిలో ఉన్న మాటను కాగితం మీద ఉన్న అక్షరానికి ఆనించి చూసుకుంటూ పోయాను. నోరు ముందు పోయేది, కన్ను వెనకాల వచ్చేది. కొన్నాళ్లకు కన్ను నోటిని దాటింది.

ఎందుకు నేర్చుకున్నాను? జ్ఞానం కోసం కాదు. ఎక్కడెక్కడ నా వేలిముద్ర వేయించుకుని నన్ను మోసం చేశారో తెలుసుకుందామని. ఎవరూ చేయలేదు. చేశారని మాత్రం ఇప్పటికీ లోపల ఒక మూల అనుకుంటూనే ఉంటాను.

నేర్చుకున్న సంగతి ఎవరికీ చెప్పలేదు. మొదట సిగ్గుపడి చెప్పలేదు. తర్వాత ఆ రుచి మరిగాను. చదువురాని వాని ముందు మనుషులు కాగితాలు దాచరు. నా ముందే విప్పేవాళ్లు, చదివి పక్కన పెట్టేవాళ్లు. నేను గోడ వైపు చూస్తున్నట్టు కూర్చుని అంతా చదివేవాణ్ణి.

తొంభైల మధ్యలో కాలేజీలో గొడవ లేచింది. అప్పటి కార్యదర్శికి పెద్ద ఆలోచనలు ఉండేవి. కాలేజీని సంఘం కింద నుంచి తప్పించి వేరే సొసైటీగా చేయాలని, ఇంజనీరింగు తేవాలని, ఎప్పటికైనా సొంత యూనివర్సిటీ కావాలని. సంఘం పట్టుకుని కూర్చుంటే ఇది ఎదగదనేవాడు. పాలకమండలిలో సగంమంది ఆయన వైపు. మన పెద్దలు పెట్టినదాన్ని మనం వదులుకోవడమేమిటని మిగతా సగం. ఆ మండలిలో మా ఆళ్లగడ్డ వైపు గుళ్లన్నిటికీ కలిపి ఒక కుర్చీ ఉండేది. అందులో కూర్చునే పెద్దమనిషి అదే సమయంలో చనిపోయాడు. ఇప్పుడు ఎవరు ఆ కుర్చీలో కూర్చుంటే వాళ్లు ఎటు చెయ్యెత్తితే కాలేజీ అటు.

ఇద్దరు నిలబడ్డారు. ఒకరు దానం సారు. రెండోవాడు సాల్మన్, ఇళ్లు కట్టించే కాంట్రాక్టరు. సాల్మన్ మాట సూటిగా ఉండేది. నా పానం పోయినా కాలేజీని సంఘం చేతిలోంచి పోనీయను అనేవాడు, ఛాతీ మీద చేత్తో కొట్టుకుని. నాకు అది బాగుండేది. సారు మాట వేరే. విడిపోయేది ఎట్లాగూ ఆగేట్టు లేదు, దాంతో కొట్లాడి ఓడిపోయేకంటే గుడి, హాస్టలు మనకే ఉండేట్టు ముందే ఒప్పించుకుందాం అనేవాడు. నాకు అది నచ్చలేదు. ఇంకా రాని ఓటమిని ముందే ఒప్పుకునే మనిషి ఎవరికో మాట ఇచ్చి ఉంటాడనుకున్నాను.

అనుకున్నదానికి తగినట్టే కంటికి ఒకటి కనబడింది. ఒకరోజు నంద్యాలలో బండల లారీ కోసం రోడ్డు పక్కన నిలబడి ఉన్నాను. కార్యదర్శి కారు వచ్చి ఆగింది. అందులోంచి దానం సారు దిగాడు. కార్యదర్శి లోపలి నుంచి వంగి సారు భుజం తట్టాడు. ఇద్దరూ నవ్వుకున్నారు. సారు నన్ను చూడలేదు. ఆదివారం గుడి దగ్గర, మొన్న నంద్యాలకు పోయినావంట కదా అని కదిపాను. పోయినాలే, చిన్న పని అన్నాడు. కారు మాట ఎత్తలేదు.

అడిగి ఉండొచ్చు కదా? కారులోంచి ఎందుకు దిగినావు సారూ అని ఒక్క మాట. అంత పాటి చనువు మా మధ్య లేదా? ఉంది. కానీ అడిగితే జవాబు వస్తుంది, జవాబు వస్తే అనుమానం పోతుంది. అనుమానం పోవడం నాకు ఇష్టం లేదేమో. ఇన్నేళ్లు తవ్వుకున్నాక నాకు తేలింది ఇదే. సారు ఎక్కడో ఒకచోట నాలాంటి వాడే అయి ఉండాలని నాకు కోరిక.

మా సంఘపెద్దల్లో సగంమంది సారు వైపు, సగంమంది సాల్మన్ వైపు అయ్యారు. ఎన్నిసార్లు కూర్చున్నా తెగలేదు. తెగనప్పుడు మా దగ్గర ఒక పద్ధతి ఉంది. ఉపవాసముండి, ప్రార్థన చేసి, చీట్లు వేస్తాం. వచ్చిన పేరు దేవుడు చెప్పిన పేరు. దాని మీద మళ్లీ మాట ఉండదు. చీటి తీసేవానికి చదువొస్తే కళ్లకు గుడ్డ కడతారు. చిన్నపిల్లలతో తీయిస్తే ఇంట్లోవాళ్లు ఏదైనా నేర్పి పంపుతారని భయం. అందుకని చదువురాని పెద్దను ఒకరిని పిలవడం అలవాటు. చదువురానివానికి గుడ్డ కట్టరు. ఎందుకు కట్టాలి?

ఈసారి కాలేజీ గుడిలోనే వేద్దామన్నారు. అందరం నంద్యాల పోయాం. అయ్యగారు రెండు చీట్లు రాసి మడిచి, కానుక పళ్లెంలో పెట్టి బలిపీఠం ముందు ఉంచారు. పెద్దలందరూ మోకరించారు. నన్ను పిలిచారు. నేను పరిచిన బండల మీద నడిచి వెళ్లి పళ్లెం ముందు మోకరించాను.

ప్రార్థన మొదలైంది. ప్రార్థన కాబట్టి అందరూ కళ్లు మూసుకున్నారు. అయ్యగారు మూసుకున్నారు. సాల్మన్ మూసుకున్నాడు. దానం సారు తల బండకు ఆనేంత వంచి, గట్టిగా మూసుకున్నాడు. తెరిచి ఉన్నవి నా కళ్లు మాత్రమే. పిల్లలు రాసుకునే కాగితం, పల్చనిది. సిరా వెనక్కి దిగింది. కిటికీలోంచి వెలుతురు నేరుగా పళ్లెం మీద పడుతోంది. అక్షరాలు తిరగబడి ఉన్నాయి, అయినా చదవగలిగాను. ఒకదాని మీద సారు పేరు, ఒకదాని మీద సాల్మన్ పేరు.

కళ్లు మూసుకోవచ్చు కదా? ఎవరూ నా రెప్పలు పట్టుకోలేదు. చూసేశాను సరే, చూశాక లేచి, అయ్యగారూ నాకు చదువొచ్చు, వేరే మనిషిని పిలవండి అనవచ్చు కదా? అది కూడా ఒక్క మాటే. మీరు నమ్మినా నమ్మకపోయినా, ఆ క్షణంలో నాకు భయం వేయలేదు. దేవుడు నాకు ఈ ముసలితనంలో చదువిచ్చింది ఇందుకే అనిపించింది. కాలేజీ చేజారకుండా కాపాడే పని నాకిచ్చాడనిపించింది. ఎంత కొవ్వు చూడండి. దేవుని పని దేవునికి వదలలేక, ఆయన పేరు మీద నేనే చేశాను.

సాల్మన్ చీటి తీశాను. అయ్యగారు విప్పి చదివారు. అందరూ ఆమెన్ అన్నారు. దానం సారు కూడా అన్నాడు. ఆయన గొంతు నాకు విడిగా వినబడింది.

తిరుగు ప్రయాణంలో నంద్యాల బస్టాండుకు సారు, నేను కలిసి వచ్చాం. మిగతావాళ్లు సాల్మన్‌తో కలిసి టీకి ఆగారు. ఒకే రకం బస్సులు రెండు పక్కపక్కనే నిలబడి ఉన్నాయి, ఒకటి వెలుగోడుకు, ఒకటి ఆళ్లగడ్డకు. ఎప్పుడూ నేను ఎవరినో ఒకరిని అడిగి ఎక్కేవాణ్ణి. ఆ రోజు మనసు వేరేచోట ఉంది. తల వంచుకుని నేరుగా పోయి ఆళ్లగడ్డ బస్సు మెట్టు మీద కాలు పెట్టాను.

“అప్పా,” అన్నాడు సారు వెనక నుంచి. “ఇదే మన బస్సని ఎవరు చెప్పినారు?”

“ఎప్పుడూ పోయే బస్సే గదా సారూ. చూస్తే తెల్దా ఏంది?”

సారు పైన బోర్డు చూశాడు. పక్క బస్సు బోర్డు చూశాడు. తర్వాత నన్ను చూశాడు. ఎక్కి నా పక్కన కూర్చున్నాడు. బస్సు ఊరు దాటి, బియ్యం మిల్లులు దాటింది.

“దేవుడు నన్ను వొద్దనుకున్న్యాడేమో లే,” అన్నాడు. “ఇన్నేండ్లు ఆయప్ప పనే చేస్తాండా అనుకుంటి. నా పని నేను చేసుకుంటాంటినేమో.”

“చీటి పడినాక ఎవురు మాత్రం ఏం చేస్తారు సారూ.”

“అంతేలే. నువ్వు తీసినావు. నీ చెయ్యి మీద నాకు అనుమానం ల్యాదప్పా.”

ఆ మాటను నేను ఎన్ని రకాలుగా తిప్పి చూసుకున్నానో. చెయ్యి మీద అన్నాడు. కళ్ల మీద అనలేదు. కావాలనే అలా అన్నాడా? మామూలుగా అన్నాడా? అంత మంచి మాటలోనూ నేను కత్తి కోసం వెతికాను.

తర్వాత జరిగింది పొట్టిగా చెబుతాను, పొడుగ్గా చెప్పే ఓపిక నాకు లేదు. పాలకమండలిలో మొదటిసారి కూర్చున్నప్పుడే సాల్మన్ కాలేజీని విడదీయడానికి చెయ్యెత్తాడు. గుడి గురించి గానీ హాస్టలు గురించి గానీ ఒక్క మాట అడగలేదు. కొంతకాలానికి కొత్త భవనాల పని అతనికే వచ్చింది. దేవుడు ఎంచిన మనిషి కదా, ఏదో మేలు ఉంటుందిలే అని మా పెద్దలు సర్దుకున్నారు. వాళ్ల నోరు కట్టేసింది కూడా నా చీటే.

ఆ యేడు బడులు తెరిచినప్పుడు దానం సారు పల్లెలు తిరగలేదు. పిల్లల్ని వెంటబెట్టుకుని తల్లిదండ్రులే ఆయన ఇంటికి వచ్చారు. దేవుడు వద్దన్న పని నేను చేయకూడదమ్మా, వేరే ఎవరినైనా తీసుకుపొమ్మనండి అన్నాడు. తీసుకుపోయేవాళ్లు ఎవరూ లేరు. అట్లా వచ్చి తిరిగిపోయిన వాళ్లలో కరుణ అనే పిల్ల ఉంది. మా పక్క వీధి. బాగా చదివేది. కొన్నాళ్లకు ఆ పిల్ల నా దగ్గరే పనికి వచ్చింది, సిమెంటు కలిపి అందించడానికి. పెద్దాయనా, ఈ బండ ఇట్లనా అట్లనా అని అడుగుతుండేది. నేను ఆ పిల్ల ముఖం చూసి ఎప్పుడూ జవాబు చెప్పలేదు. మా పెద్దాయన బండతో మాట్లాడతాడు గానీ మనిషితో మాట్లాడడని నవ్వేది.

తర్వాత హాస్టలు మూశారు. గుడిలో కంప్యూటర్లు పెట్టారు. నేను పరిచిన బండల మీద తెల్ల టైల్స్ వేశారని విన్నాను. రెండువేలు దాటాక గేటు మీద పెద్ద కమాను కట్టారు. మిషన్ పేరును పొడి అక్షరాలు చేసి, పక్కన కొత్త కోర్సుల పేర్లు రాశారు. ఆ పొడి అక్షరాలు ఓనరు పేరని బస్సులో ఒకాయన పక్కవానికి చెబుతుంటే విన్నాను. నాకు ఆ అక్షరాలు తెలుసు. చదవడం తెలుసని చెప్పలేను. కిటికీ అవతలికి చూస్తూ కూర్చున్నాను.

చెప్పలేకపోవడం అంటే ఏమిటో మీకు అర్థమవుతోందా? ఆ చీటి తీశాక నాకు చదువొచ్చని ఎప్పటికీ బయటపడకూడదు. పడితే చీటి కూడా బయటపడుతుంది. అప్పటి నుంచి బస్టాండులో మళ్లీ ప్రతివాణ్ణీ అడిగి ఎక్కాను. ఎక్కడ అడిగితే అక్కడ వేలు నొక్కాను. గుడిలో పాటల పుస్తకం చేతికిస్తే తలకిందులుగా పట్టుకున్నాను. పక్కవాళ్లు నవ్వి తిప్పి ఇచ్చేవాళ్లు. అంత ఆశపడి నేర్చుకున్న అక్షరాలను దొంగసొత్తు మాదిరి లోపల పెట్టుకుని తిరిగాను.

దానం సారు చివరి రోజుల్లో మంచం పట్టాడు. వెళ్లి కూర్చునేవాణ్ణి. వానల సంగతి, మోకాళ్ల నొప్పుల సంగతి మాట్లాడుకునేవాళ్లం. ప్రార్థన చేయి సారూ అంటే, నువ్వు చెయ్యప్పా, నేను వింటా అనేవాడు. ఒకప్పుడు ఆయన ప్రార్థనకు ఊరంతా వచ్చేది. చీటి పడ్డ రోజు తర్వాత ఆయన పదిమందిలో నోరు తెరిచి ప్రార్థన చేయడం నేను వినలేదు. ఒకసారి చెబుదామని గడప దాకా తెచ్చుకున్నాను. సారు నిద్రపోతున్నాడు. లేపలేదు. లేపకూడదని ఎవరన్నారు?

ఆయన పోయాక, ఇంటివాళ్లను ఓదార్చడానికి పెట్టే ఆదరణ కూడికకు వెళ్లాను. అందరూ పోయాక సారు భార్య సుగుణమ్మ నన్ను ఆగమంది. ఆ మాటా ఈ మాటా మధ్య కారు సంగతి వచ్చింది. నేను అడగలేదు, ఆమే చెప్పింది. ఆ రోజుల్లో సారు కార్యదర్శి వెంటపడి తిరిగేవాడట, కాలేజీ విడిపోయినా సరే, గుడి, పల్లె పిల్లల హాస్టలు ఎప్పటికీ ఉండాలని. చివరికి ఒకరోజు కారులోనే కూర్చోబెట్టుకుని కార్యదర్శి ఒప్పుకున్నాడట. నువ్వు మండలిలోకి రా, వచ్చి ఆ మాట పెట్టు, నేను కాదనను అన్నాడట. నేను చూసిన నవ్వు అదే. పని ఖాయమయ్యే దాకా ఎవరికీ చెప్పకూడదని సారు ఊరుకున్నాడట, పిల్లలకు లేనిపోని ఆశ పెట్టినట్టు అవుతుందని.

నేను లేవబోతుంటే ఆమె లోపలికి పోయి చిన్న డబ్బా తెచ్చి నా చేతిలో పెట్టింది. అందులో సారు కళ్లద్దాలు.

“ఇవి దూరం చూసేటివి గాదన్నా, చదివే అద్దాలు. చదువురాని మనిషికి ఇవెందుకని నేనంటి. ఆయప్పకు పనికొస్తాయి, ఇయ్యి అన్న్యాడు.”

ఆమె నా ముఖంలోకి చూసింది. నేను డబ్బా మూసి, మతి తప్పి అన్నాడేమోలే అమ్మా అన్నాను. ఆ మాట కూడా నేనే అన్నాను. చచ్చిపోయిన మనిషికి మతి తప్పిందని అన్నాను, నన్ను కాపాడుకోవడానికి.

అయితే ఆయనకు తెలుసు. బస్సు మెట్టు మీదే తెలిసిందా, తర్వాత తెలిసిందా? తెలిసి ఎందుకు చెప్పలేదు? చెప్పి ఉంటే చీటి చెల్లేది కాదు, కుర్చీ ఆయనకే వచ్చేది, కరుణ చదువుకునేది. నన్ను పదిమందిలో నిలబెట్టకూడదనుకున్నాడా? స్నేహితుణ్ణి కాపాడి పిల్లల్ని వదిలేశాడా? అలాగైతే ఆయన తప్పు కూడా కొంత ఉందా? చూడండి, ఈ వయసులో కూడా నా బుద్ధి ఎటు పోతోందో. కాదు, మంచంలో పడ్డాకే తెలిసిందేమో. అలాగైతే, దేవుడే తనను తోసేశాడని అన్నేళ్లు నమ్మాడు. ఏది నిజమని కోరుకోవాలో నాకు తెలియదు. ఆ అద్దాలు నన్ను క్షమించి ఇచ్చాడా, నువ్వు చూసింది నేనూ చూశానులే అని ఇచ్చాడా, అది కూడా తెలియదు. అడగడానికి మనిషి లేడు. ఉన్నప్పుడు అడగలేదు.

దానం సారును దేవుడు వద్దనలేదు. నేను వద్దన్నాను. ఈ రెండు మాటలు చెప్పడానికే ఇదంతా రాశాను. ఎవరితోనో చెప్పి రాయించింది కాదు. నేనే రాశాను, ఆయన అద్దాలు పెట్టుకుని, పగటిపూట, అరుగు మీద కూర్చుని. వచ్చే పోయేవాళ్లు చూస్తున్నారు. ఇందాక కరుణ నీళ్లకు పోతూ ఆగింది. పెద్దాయనా, ఏందీ, రాస్తాండావా అంది. అవునమ్మా అన్నాను.